శరత్కాలపు పెళ్లి రిసెప్షన్‌కి టేబుళ్లు అలంకరించడం: బెంగళూరు వాళ్ల కోసం మొదటి నుంచి చివరి దాకా

ముందే చెప్పేస్తాను, ఇందులో మేపుల్ ఆకులుండవు. శరత్కాలం పెళ్లి టేబుల్ అని ఫోన్లో వెతికితే వచ్చే ఫొటోలన్నీ చలిదేశాలవి, ఎర్రటి ఎండుటాకులూ ఓక్ కాయలూను. వాటిని డెకరేటర్‌కి చూపిస్తే ఆయన గోడౌన్‌లోంచి ప్లాస్టిక్ మేపుల్ తీగలు తీసి, దుమ్ము దులిపి చుట్టేస్తాడు, బిల్లులో మాత్రం థీమ్ డెకరేషన్ అని రాస్తాడు. మన శరత్తుకి దాని సరుకు దానికుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి బెంగళూరు చుట్టుపక్కల చెరువు గట్ల మీద రెల్లు తెల్లగా పూసి ఉంటుంది, కేఆర్ మార్కెట్ నిండా బంతీ చామంతీ, తోపుడు బళ్ల మీద సీతాఫలాలు, ఊరు దాటితే కోతకొస్తున్న రాగి చేలు, దీపావళి వెళ్లిందంటే కార్తీక దీపాలు. వీటితోనే టేబుల్ చేస్తే ఖర్చు తగ్గుతుంది, ఇది ఏ నెలలో జరిగిన పెళ్లో పదేళ్ల తర్వాత ఫొటో చూసినా తెలుస్తుంది.

ఇంకో మాట. టేబుల్ అలంకారం చూద్దామని పెళ్లికి వచ్చేవాళ్లెవరూ ఉండరు. వస్తారు, కూర్చుంటారు, తింటారు, ఎదురుగా ఉన్న బావగారితో సైట్ల రేట్ల గురించి మాట్లాడతారు. అందుకే కింద చెప్పేదంతా కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లతో చూసి చెబుతున్నాను. పైనుంచి డ్రోన్‌లో ఎలా పడుతుందన్నది వీడియోవాళ్లు చూసుకుంటారు.

మొదట హాలువాళ్లతో మాట్లాడండి, పూల సంగతి తర్వాత

బెంగళూరు పద్ధతి మీకు తెలిసిందే, చాలామంది రిసెప్షన్‌ని ముహూర్తానికి ముందు రోజు సాయంత్రమే పెట్టేసుకుంటారు. ఆంధ్రా నుంచి వచ్చిన పెద్దమ్మ "తాళి కట్టకుండానే రిసెప్షనేంటే" అని అడిగే తీరుతుంది, ఆవిడకి సమాధానం మీ అమ్మగారు చెప్పుకుంటారు. మన సమస్య వేరు. హాలు మధ్యాహ్నం చేతికొచ్చి, సాయంత్రం ఆరున్నరకి జనం మొదలైతే, టేబుళ్లకి మిగిలేది మహా అయితే మూడు గంటలు, అందులోనూ స్టేజీ వాళ్లు నిచ్చెనలతో అడ్డం తిరుగుతూనే ఉంటారు. కాబట్టి అక్కడికక్కడ తయారుచేసే పని ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఈ లెక్క చూసుకున్నాకే డిజైన్ ఎంచుకోండి.

హాలు మేనేజర్‌ని అడగాల్సినవి: ఎన్ని టేబుళ్లు, గుండ్రమా పొడవా, అడ్డం ఎన్ని అంగుళాలు (టేపు పెట్టి మీరే కొలవండి, ఆయన నోటిమాటగా చెప్పింది నమ్మొద్దు), గుడ్డలు వాళ్లవా మనవా, నిజమైన దీపం వెలిగించనిస్తారా, భోజనాల గదిలో లైట్లకి స్విచ్చులు విడివిడిగా ఉన్నాయా, నీళ్ల కుళాయి ఎక్కడ, పైఅంతస్తయితే సామాను లిఫ్టు ఉందా. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ముప్పై గుమ్మడికాయలు మెట్ల మీదుగా మోయాల్సి వచ్చినప్పుడు అర్థమవుతుంది.

మీ టేబుల్ ఏ రకం?

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు, ఎందుకంటే కల్యాణ మండపాల్లో ఉండే భోజనాల బల్లలూ ఫొటోల్లో కనిపించే గుండ్రటి టేబుళ్లూ ఒకటి కావు.

బంతి భోజనాల బల్ల సన్నగా, పొడవుగా ఉంటుంది, మనం ఒకవైపే కూర్చుంటాం, వడ్డించేవాళ్లు ఎదురుగా నడుస్తూ ఆకులో వేస్తారు. దీని మీద పూలకుండీ పెట్టారనుకోండి, మొదటి బంతిలోనే సాంబారు గరిటె తగిలి పడిపోతుంది, రెండో బంతికి పేపరు రోల్ మార్చేటప్పుడు కుర్రాడు దాన్ని కూడా పేపరుతో చుట్టి తీసుకుపోతాడు. ఇలాంటి బల్లకి పైన ఏమీ వద్దు. వడ్డించేవాళ్ల వైపు ముందుభాగానికి రంగు గుడ్డ కుచ్చుపెట్టి, పై అంచు వెంట బంతిపూల దండ ఒకే వరసలో పిన్నులతో కట్టేయండి, ఎదురు వరసలో కూర్చున్నవాళ్లకి కనిపించేది ఆ భాగమే. మూడు బంతులైనా చెక్కుచెదరదు. బల్ల చివర, నడవా వైపు, ఒక్కో అరటిపిలక గానీ చెరుకుగడ గానీ కట్టొచ్చు. అంతే, దీనికింకేం అక్కర్లేదు.

గుండ్రటి టేబుళ్లకి లెక్కలున్నాయి, కాస్త ఓపిగ్గా చదవండి. మామూలుగా దొరికేవి ఐదడుగులవి, ఆరడుగులవి. ఐదడుగుల టేబుల్ చుట్టుకొలత 188 అంగుళాలు, ఎనిమిది మంది కూర్చుంటే ఒక్కొక్కరికి దాదాపు రెండడుగులు వస్తుంది, హాయిగా తినొచ్చు. పది కుర్చీలు వేస్తే మోచేతులు తగులుకుంటాయి. పది మందికి ఆరడుగులది కావాలి. ఇప్పుడు మధ్యలో మనకి మిగిలే చోటు చూద్దాం. ఐదడుగులంటే 60 అంగుళాలు, అంచు నుంచి ఒక అంగుళం వదిలి 11 అంగుళాల ప్లేటు, దాని వెనక గ్లాసుకీ స్వీటు గిన్నెకీ ఐదు అంగుళాలు, రెండు వైపులా కలిపి 34 పోతే నడుమ 26 అంగుళాల గుండ్రం మిగులుతుంది. అందులో నీళ్ల బాటిళ్లు కూడా చేరతాయి కాబట్టి మీ అలంకారం 18 అంగుళాలు దాటకూడదు. గుండ్రటి టేబుళ్ల మీదే అరిటాకులు వేసి వడ్డిస్తామంటే ఐదడుగుల దానికి ఆరుగురినే కూర్చోబెట్టండి, మధ్యలో ఒక్క చిన్న గిన్నె చాలు.

ఎత్తుకి టేపు కూడా అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని మోచేయి టేబుల్ మీద ఆనించి చేయి నిటారుగా పెట్టండి, పిడికిలి ఎక్కడుందో అంతకంటే ఎత్తు లేకుండా చూసుకోండి, అది 12 నుంచి 14 అంగుళాలు ఉంటుంది. కాదూ, ఎత్తుగానే కావాలంటే పూల గుత్తి రెండడుగుల పైన మొదలవ్వాలి, కింద కాడ సన్నగా ఉండాలి. ఈ రెండిటికీ మధ్య ఎత్తులో ఏది పెట్టినా ఎదుటి మనిషి ముఖానికి సరిగ్గా అడ్డం వస్తుంది, పావుగంటలో ఎవరో ఒకరు దాన్ని తీసి కింద పెట్టేస్తారు.

రంగులూ గుడ్డలూ

శరత్తు అనగానే నారింజ రంగు మీద పడిపోకండి. బంతి నారింజ, పసుపు ఎలాగూ పూలల్లో వచ్చేస్తాయి, గుడ్డ కూడా అదే రంగైతే పూలు కనిపించవు. అడుగు గుడ్డ మీగడ రంగో, లేత గోధుమ రంగో తీసుకుని, మీద వేసే పట్టీ మాత్రం ముదురు మెరూన్, వంకాయ రంగు, నెమలికంఠం లాంటివి పెట్టండి. మెరుపు సాటిన్ వద్దని నా అభిప్రాయం, అద్దెకి ఎక్కువగా దొరికేది అదే అయినా సరే, ఫ్లాష్ పడితే ముడతలన్నీ తెల్లగీతల్లా ఫొటోలో వస్తాయి.

కొలతలు: టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. నేల దాకా గుడ్డ దిగాలంటే ఐదడుగుల టేబుల్‌కి 120 అంగుళాలది, ఆరడుగుల దానికి 132 అంగుళాలది అడగాలి. 90 అంగుళాల గుడ్డ ఐదడుగుల టేబుల్ మీద వేస్తే పదిహేను అంగుళాలే దిగుతుంది, కూర్చున్నవాళ్ల ఒళ్లోకి వస్తుంది, టేబుల్ ఇనుప కాళ్లు కనిపిస్తాయి. పిల్లలు ఎక్కువగా ఉండే పెళ్లయితే నేల దాకా దిగిన గుడ్డ లాగేస్తారని భయం ఉంటుంది, అలాంటప్పుడు నేలకి రెండు మూడు అంగుళాల పైకి ఉండేలా చూసుకోండి.

పట్టీలకి కొత్త బట్ట కొనేముందు చీర గురించి ఆలోచించండి. చిక్కపేటలో చవక రకం కాటన్ చీరలు దొరుకుతాయి, ఇల్కల్ గళ్లవి గానీ, మంగళగిరి అంచువి గానీ, కలంకారీ అచ్చువి గానీ. చీర ఐదున్నర మీటర్లు, అడ్డం 45 అంగుళాలు. పొడుగునా మూడు చీలికలు చేసి ఒక్కోదాన్ని సగానికి కత్తిరిస్తే పదిహేను అంగుళాల వెడల్పున రెండుముప్పావు మీటర్ల పట్టీలు ఆరు వస్తాయి, ఐదడుగుల టేబుల్ మీద అడ్డంగా వేస్తే రెండు పక్కలా అందంగా వేలాడతాయి. అంటే ముప్పై టేబుళ్లకి ఐదు చీరలు చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి, అంచు చీరకి పొడుగునా రెండు పక్కల్లోనే ఉంటుంది కాబట్టి నడిమి చీలికకి అంచు రాదు, దానికి విడిగా జరీ లేసు కుట్టించాలి, లేదా నడిమివన్నీ ఒక వరస టేబుళ్లకి వేసేయాలి. టైలరుకి ఇది ముందే చెప్పకపోతే ఆయన తనకి తోచినట్టు కత్తిరిస్తాడు. అమ్మమ్మ పట్టుచీరల్ని మాత్రం టేబుళ్ల మీదకి తేకండి, మడతపెట్టి వేసినా సరే, సాంబారులోని పసుపు పట్టుకి అంటితే ఇక వదలదు.

గుడ్డ నాప్కిన్లు పెడుతున్నట్టయితే చన్నపట్న లక్క గాజులు నాప్కిన్‌కి తొడిగి చూడండి. మైసూరు రోడ్డు మీద అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, బొమ్మలతో పాటు చెక్క గాజులు కూడా అక్కడ చేస్తారు, పసుపూ ఎరుపూ ఆకుపచ్చా కలిపి తెస్తే టేబుల్‌కి రంగొస్తుంది, వెళ్లేటప్పుడు ఆడపిల్లలు చేతికి వేసుకుపోతారు, రిటర్న్ గిఫ్టు ఖర్చూ కలిసొస్తుంది.

మధ్యలో ఏం పెట్టాలి

నాకు నచ్చినవి మూడు. అన్ని టేబుళ్లకీ ఒకటే పెట్టనవసరం లేదు, రెండు రకాలు కలిపి ఒకటి విడిచి ఒకటి వేస్తే హాలు బోసిగా ఉండదు.

మొదటిది గుమ్మడికాయ కుండీ. రెండు మూడు కిలోల తీపి గుమ్మడికాయ, అడుగు చదునుగా ఉన్నది ఏరుకోవాలి, బల్ల మీద పెట్టి తోస్తే దొర్లకూడదు. తొడిమ చుట్టూ నాలుగంగుళాల గుండ్రం కోసి, గింజలూ పీచూ గరిటెతో గీకేసి, లోపల ఒక స్టీలు గ్లాసు దింపండి, నీళ్లు గ్లాసులోనే పోయాలి. నేరుగా కాయలో నీళ్లు పోస్తే సాయంత్రానికి మెత్తబడి కారుతుంది. గ్లాసు నోటికి కోళ్ల గూళ్లకి వాడే సన్న ఇనుప వల ముక్క ఉండలా నలిపి దూర్చండి, కాడలు అందులో నిలబడతాయి. కొయ్యడం రిసెప్షన్ రోజు ఉదయమే, ముందు రోజు కోసినవి వాసనొస్తాయి. కొన్ని ఇళ్లల్లో గుమ్మడికాయని ఆడవాళ్లు మొదట కొట్టకూడదంటారు, మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే మొదటి గాటు ఇంట్లో ఏ బావమరిది చేతో పెట్టించి తర్వాత మీరు కానివ్వండి. గీకిన గుజ్జు పారేయొద్దు, వంటవాళ్లకిస్తే దప్పళంలో వేస్తారు.

అందులో ఏం గుచ్చాలి? ఒక్కో కాయకి గుత్తి చామంతి కాడలు ఎనిమిది, ముదురు ఎరుపు గులాబీలు ఐదు, సీతజడ పూలు రెండు మూడు, జొన్న కంకులు మూడు. ముందు కంకులు గుచ్చి ఆకారం చూసుకోండి, తర్వాత చామంతి, ఖాళీల్లో గులాబీ, ఆఖరున అంచు చుట్టూ మరువం గానీ దవనం గానీ కొద్దిగా. మార్కెట్లో గులాబీ కట్టకి సాధారణంగా ఇరవై కాడలుంటాయి, అంటే కట్టకి నాలుగు టేబుళ్లు. మొత్తం లెక్క మీద పదోవంతు ఎక్కువ కొనండి, విరిగేవి విరుగుతాయి.

రెండోది ఉరుళి, అంటే లోతు తక్కువగా ఉండే వెడల్పాటి గుండ్రటి పాత్ర. ఇత్తడివి అద్దెకి దొరుకుతాయి, పది అంగుళాలది చాలు. అడుగున నీళ్లు, మీద పన్నెండు పదిహేను బంతి, చామంతి తలలు, నడుమ ఒక తేలే దీపం. ఇది ఐదు నిమిషాల పని, తక్కువ మనుషులున్నవాళ్లకి ఇదే దిక్కు. ఇత్తడి వద్దనుకుంటే కుమ్మరులుండే పాటరీ టౌన్‌లో వెడల్పాటి మట్టి పళ్లేలు దొరుకుతాయి, కాకపోతే మట్టిది నీళ్లు పీల్చి గుడ్డ మీద గుండ్రటి మరక వేస్తుంది కాబట్టి కింద ఒక అరిటాకు ముక్క పెట్టాలి.

మూడోది పూలే లేనిది. దసరా ఆయుధపూజ వారంలోనో దీపావళి ముందు రోజుల్లోనో మీ పెళ్లి పడితే పూల ధర వింటే కళ్లు తిరుగుతాయి, అప్పుడు పనికొస్తుంది. వెదురు చేటలో గానీ చిన్న బుట్టలో గానీ రెండు సీతాఫలాలు, రెండు దానిమ్మలు, గుప్పెడు ఉసిరికాయలు, ఓ చిన్న గుమ్మడి, వెనక వరికంకుల కట్ట. కోనసీమ ఇళ్లల్లో పిచ్చుకల కోసం వసారాలో వేలాడదీసే వరికుచ్చు తెలుసు కదా, అలాంటిది బుట్టకి ఒకటి. దీని పక్కన పూలదండ చుట్టినా చుట్టకపోయినా నిండుగా ఉంటుంది. సీతాఫలం మరీ పండినది తేవద్దు, సాయంత్రానికి పగిలి ఈగలు ముసురుతాయి, గట్టికాయే పెట్టండి.

కంకులైనా రెల్లయినా రెండు రోజులు ఎండలో పెట్టి దులపాలి, వాటిలో పురుగులుంటాయి, అవి టేబుల్ మీద నడవడం మొదలుపెడితే మీ కష్టమంతా వృథా. విదేశీ పంపాస్ గడ్డి అని కాడకింత లెక్కన అమ్ముతున్నారు, మన రెల్లు దానికేం తీసిపోదు. పూర్తిగా విచ్చకముందే కోసుకుని, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టి, హెయిర్ స్ప్రే కొట్టండి. అయినా కొంచెం నూగు రాలుతుంది, కాబట్టి రెల్లుని తినే టేబుళ్ల మీద కాకుండా స్వాగతం దగ్గర, ఫొటోలు తీసుకునే మూలలో వాడండి.

పూలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ వాడొద్దు, నలిగితే సన్న ప్లాస్టిక్ పొడి అయిపోతుంది, నేలలో కలవదు. థర్మాకోల్ అక్షరాలూ బొమ్మలూ అసలే వద్దు, అలంకారానికి వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉంది, అయినా తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు, ఆర్డరు ఇచ్చేటప్పుడే వద్దని రాయించండి.

పూలు కొనడం, బతికించడం

కేఆర్ మార్కెట్‌కి తెల్లవారకముందే వెళ్లాలి, తెల్లారాక వెళ్తే ఏరేసినవి మిగులుతాయి. విడిపూలు కిలోల్లో, దండలు మూరల్లో, కాడపూలు కట్టల్లో అమ్ముతారు. అంత దూరం వద్దనుకుంటే గాంధీ బజార్లోనో మల్లేశ్వరంలోనో కొనొచ్చు, కాస్త ఎక్కువ పడుతుంది గానీ దండ కట్టించుకోవాలంటే నయం. బంతిని అక్కడ చెండుహూవు, చామంతిని సేవంతిగె అని అడగండి, తెలుగు కూడా చాలామందికి వస్తుందనుకోండి.

కాడపూలు ఇంటికి రాగానే కాడల్ని ఏటవాలుగా అంగుళం కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి, బకెట్లో నీడలో నాలుగైదు గంటలు ఉంచండి, అవి నీళ్లు తాగాకే గుచ్చాలి. జెర్బరా తెస్తే నీళ్లు మూడంగుళాలకి మించొద్దు, కాడ కుళ్లుతుంది. బంతి విడిపూలని సంచిలో కట్టి వదిలేస్తే రాత్రికి రాత్రి వేడెక్కి నల్లబడతాయి, తడి గోనెపట్టా మీద ఒకే పొరగా పరవాలి, రేకుల మీద నీళ్లు చల్లకూడదు. పూలు పెట్టిన గదిలో పండిన పళ్లు, ముఖ్యంగా అరటిగెలలు ఉంచకండి. పండే పండు వదిలే ఇథిలీన్ వాయువుకి కార్నేషన్ లాంటి పూలు గంటల్లోనే ముడుచుకుపోతాయి. పెళ్లింట్లో రెండూ ఒకే స్టోరు రూములోకి చేరతాయి, అక్కడే వస్తుంది తంటా.

వాసన సంగతి. సుగంధరాజ పూలు (మనం నేలసంపెంగ అనేవి) స్టేజీ మీద బాగుంటాయి, తినే టేబుల్ మీద మాత్రం పప్పు రుచి కూడా తెలియనంత ఘాటు. కనకాంబరానికి వాసన లేదు, రంగు సరిగ్గా శరత్తుదే, చేటల అంచుకి చుట్టడానికి దాన్ని మించింది లేదు. పెద్ద రేకుల విదేశీ లిల్లీలు పెడితే లోపలి గోధుమరంగు పుప్పొడి కాయల్ని గిల్లేయండి, పట్టుచీరకి అంటుకుంటే మరక.

గన్నేరు పూలు, గురివింద గింజలు, ఉమ్మెత్త కాయలు టేబుళ్ల దగ్గరికి రానివ్వకండి. పల్లెటూరి అందం కోసమని గురివింద గింజలు గిన్నెల్లో పోసి పెట్టడం చూశాను, అవి పిల్లలు నోట్లో వేసుకుని కొరికితే ప్రాణం మీదికొస్తుంది. గన్నేరు చెట్టంతా విషమే.

దీపాలూ లైట్లూ

కార్తీకం పెళ్లికి దీపం కంటే అలంకారం లేదు. కానీ ఫ్యాన్ కింద ప్రమిద నిలవదు, పమిట కొంగులు టేబుల్ మీదకి వంగుతాయి, నూనె గుడ్డ మీద ఒలుకుతుంది. తినే టేబుళ్ల మీద ఎల్‌ఈడీ దీపాలే మేలు, ఉరుళి మధ్యలో నీళ్ల మీద తేలే రకం దొరుకుతాయి. నిజమైన దీపాలు స్వాగతం టేబుల్ దగ్గర, ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి అందులో కుదించి పెట్టండి. ఉసిరి దీపాలు అక్కడే బాగుంటాయి, కాయ పైభాగం కోసి కొంచెం గుంట చేసి నేతిలో తడిపిన వత్తి. ఎక్కువసేపు వెలగవు, కాబట్టి ఒక మనిషిని కేటాయించి, వధూవరులు వచ్చే వేళకి వెలిగించేలా చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది, పైసా ఖర్చు లేనిది, హాలు ట్యూబులైట్లు. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉండే తెల్లటి లైటు కింద బంతి నారింజ పాలిపోతుంది, ఇత్తడి బూడిదరంగులో కనిపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు లైట్లు టేబుళ్ల మీదుగా వేయించి, ట్యూబులైట్లు సగం ఆర్పేయమనండి. మొత్తం ఆర్పకండి, తాతగారికి ఆకులో ఉన్నది గోంగూరో తోటకూరో కనబడాలి కదా.

లాన్‌లో పెడుతున్నారా? వాన

సెప్టెంబరు, అక్టోబరు బెంగళూరులో బాగా వానలు పడే నెలలు, నవంబరులో కూడా తమిళనాడు వైపు అల్పపీడనం పట్టిందంటే ఇక్కడ రోజంతా తుంపర. పగలంతా ఎండ కాసి సరిగ్గా ఆరు గంటలకి కుమ్మేసే వాన ఇక్కడి ప్రత్యేకత. లాన్ రిసెప్షన్ అయితే టేబుళ్ల మీద కప్పు ఉండాల్సిందే, గుడ్డకి నాలుగు పక్కలా క్లిప్పులు ఉండాల్సిందే, గాజు కూజాల లాంటి ఎత్తైనవి పెట్టకూడదు, గుమ్మడికాయైతే గాలికి కదలదు. టేబుల్ మీద పెట్టే పేర్ల కార్డులు తడిసినా అక్షరం కరగని మార్కర్‌తో రాయాలి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి, లైటు ఎక్కడుంటే అక్కడికి గుంపుగా వచ్చి రెక్కలు రాల్చుకుని పాయసంలో పడతాయి. లాన్ చివర, టేబుళ్లకి దూరంగా, ఒక పెద్ద తెల్ల ఫోకస్ లైటు వేసి ఉంచండి, టేబుళ్ల దగ్గర మసక పసుపు లైట్లే ఉంచండి, చాలావరకు అటే పోతాయి.

పెద్దవాళ్లు ఏమంటారంటే

వీటిని ముందే అడిగి తెలుసుకుంటే ఆఖరి గంటలో గొడవ ఉండదు. నల్ల గుడ్డ వద్దంటారు. బూడిద గుమ్మడికాయ దిష్టికి కట్టేది, ఆయుధపూజకి వీధిలో పగలగొట్టేది, దాన్ని తెచ్చి టేబుల్ మీద పెడితే ఊరుకోరు, తీపి గుమ్మడికి అభ్యంతరం ఉండదు. తులసి, మారేడు దళాలు ఎంగిలి తగిలే చోట పెట్టకూడదు. ఎండిన పూలు అశుభమంటారు, కానీ ఎండిన కంకుల్ని ధాన్యలక్ష్మి అని ఒప్పుకుంటారు, కాబట్టి ఎండు సరుకు కావాలంటే కంకులతోనే సరిపెట్టుకోండి. రిసెప్షన్ టేబుళ్ల మీది పూలని మర్నాడు ముహూర్తం మండపానికి వాడదామన్న ఆలోచన అస్సలు బయట పెట్టకండి.

పేర్లు రాసి ఎవరి కుర్చీ వాళ్లకి కేటాయించడం మన పెళ్లిళ్లలో జరిగే పని కాదు, పిన్ని తన అక్కచెల్లెళ్ల దగ్గరే కూర్చుంటుంది. రెండు టేబుళ్లు మాత్రం స్టేజీకి దగ్గరగా, మెట్లెక్కనక్కర్లేని చోట, "పెద్దలకు" అని బోర్డు పెట్టి ఉంచండి, తెలుగులోనూ కన్నడంలోనూ రాయండి. ఆ టేబుళ్ల మీద అలంకారం ఇంకా చిన్నది చేయండి, మందుల డబ్బా, చేతికర్ర, కళ్లజోడు పెట్టుకోవడానికి చోటు కావాలి.

మిగతా టేబుళ్లు

స్వాగతం టేబుల్ మీద ఖర్చుపెట్టండి, అందరూ ఆగి చూసేది అదొక్కటే. పన్నీరు బుడ్డి, చందనం, కుంకుమ, కలకండ, పూలు ముందు వరసలో, చేతికందే ఎత్తులో, వెనక రెల్లు, గుమ్మడికాయల దొంతర, దీపాలు. బఫే కౌంటర్ల మీద పూలు వంటపాత్రల ఆవిరికి వాడిపోతాయి, అక్కడ పాత్రల మధ్య కాకుండా కౌంటరు ముందు గుడ్డకే అలంకారం. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు ఉంటారు, ఏ వంటకంలో లేవో కార్డు రాసి పెడితే అలంకారం కంటే ఎక్కువ మెచ్చుకుంటారు. తాంబూలం సంచుల టేబుల్‌ని గుమ్మం దగ్గర పెట్టి ఒక దండ వేసి వదిలేయండి, పావుగంటలో సంచులు తప్ప ఏమీ కనిపించదు.

ఏది ఎప్పుడు

నెల ముందు హాలు కొలతలు, గుడ్డల ఆర్డరు, చీరలు టైలరుకి. మూడు వారాల ముందు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఒక్క టేబుల్ పూర్తిగా చేసి చూడండి, ప్లేట్లూ గ్లాసులతో సహా, కూర్చుని ఫొటో తీసి ఇంట్లోవాళ్లకి చూపించండి, అభ్యంతరాలన్నీ అప్పుడే వచ్చేస్తాయి. ఒకటి చేయడానికి ఎంతసేపు పట్టిందో కూడా చూసుకోండి. పది నిమిషాలు పడితే ముప్పై టేబుళ్లకి ఒక్కరికి ఐదు గంటలు, నలుగురుంటే గంటింపావు. వారం ముందు కంకులు, రెల్లు ఎండబెట్టడం, ఉరుళ్లు తెచ్చి చింతపండుతో తోమించడం. రెండు రోజుల ముందు గుమ్మడికాయలు, పళ్లు. పూలు అదే రోజు తెల్లవారుజామున, లేదా ముందు రోజు తెల్లవారుజామున. అదే రోజు ఉదయం కాయలు కోసి, గ్లాసుల్లో పూలు గుచ్చి, ట్రేలలో నిలబెట్టి హాలుకి పంపండి, అక్కడ కాయలో దింపడమే మిగలాలి. హాల్లో వరస ఇది: ముందు గుడ్డలు, తర్వాత పట్టీలు, ప్లేట్లు, ఆ తర్వాతే మధ్యలోది, చివరికి నీళ్లు పోయడం. ప్లేట్ల కంటే ముందు పూలు పెడితే ప్లేట్లు సర్దే కుర్రాళ్లు వాటిని పక్కకి జరుపుతారు, తిరిగి మధ్యలోకి ఎవరూ తేరు.

రాత్రి తీసేసేటప్పుడు ముగ్గురు మనుషులు, మూడు రకాల సంచులు కావాలి: పూలు, కాయలు తడిచెత్తలోకి, ఇనుప వలలు మళ్లీ వాడుకోవడానికి, పట్టీలు ఇంటికి. పట్టీల మీద పసుపు మరకలుంటే ఆ రాత్రే చన్నీళ్లలో నానబెట్టండి. ఉరుళ్లు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి, అద్దెవాళ్ల చీటీ మీద సంతకం పెట్టించుకోండి, కోయని గుమ్మడికాయలు మర్నాటి పెళ్లి వంటకి చేరేలా వంటమేస్త్రీకి రాత్రే చెప్పి ఉంచండి.